పారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా: శివార్ల మధ్య సాగే రాష్ట్ర రహదారిని నమోదు చేయడం ఎలా

రాష్ట్ర రహదారి 1 ఎక్కడుందని సికింద్రాబాద్‌లోని కార్ఖానా ప్రాంతంలో అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. రాజీవ్ రహదారి అంటే వెంటనే చెయ్యి చూపిస్తారు. కొంచెం ముందుకెళ్తే అదే కరీంనగర్ రోడ్డు. శామీర్‌పేట ఊళ్లో ఉత్త మెయిన్ రోడ్డు. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) కాగితాల్లో ఎస్‌హెచ్-1. అందుకే రహదారిని నమోదు చేసే పని టేపుతో కాకుండా పేర్లతో మొదలుపెట్టాలి. నమోదు పుస్తకంలో మొదటి పేజీ మొత్తం వాటికే కేటాయించండి: అధికారిక సంఖ్య, అధికారిక పేరు, జనం పిలిచే పేరు, పాత పేరు, ఆ పేరు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు చెల్లుతుంది.

ఈ పేజీ లేకపోతే రేపు పాత కాగితాలు వెతికేటప్పుడు సగం దొరకవు. తెలుగులో తిరుమలగిరి అని రాసేదాన్ని కంటోన్మెంట్ కాగితాల్లో ట్రిమల్‌గెర్రీ అంటారు. పైగా సూర్యాపేట జిల్లాలో ఇంకో తిరుమలగిరి ఉంది. శామీర్‌పేట దాటాక ఒంటిమామిడి వైపు వెళ్తే తగిలే ములుగు సిద్దిపేట జిల్లా మండలం. వరంగల్ అవతలి ములుగు జిల్లాతో దానికి ఏ సంబంధమూ లేదు. కాబట్టి ఊరి పేరు ఎప్పుడూ ఒంటరిగా రాయకండి, పక్కన మండలం, జిల్లా ఉండాలి. జిల్లా పక్కన సంవత్సరం కూడా ఉండాలి. 2016 అక్టోబరు 11 ముందు కాగితాల్లో శామీర్‌పేట రంగారెడ్డి జిల్లా, ఆ తర్వాతి వాటిలో మేడ్చల్-మల్కాజిగిరి. గజ్వేల్, వర్గల్, ములుగు అప్పట్లో మెదక్‌లో ఉండేవి, ఇప్పుడు సిద్దిపేటలో ఉన్నాయి. అల్వాల్ 2007 వరకు విడి మున్సిపాలిటీ, ఆ ఏడాదే జీహెచ్‌ఎంసీలో కలిసింది. జాతీయ రహదారుల సంఖ్యలు 2010లో మారాయి: పాత 7 ఇప్పటి 44, పాత 9 ఇప్పటి 65, వరంగల్ వైపు పాత 202 ఇప్పటి 163. పారడైజ్ దగ్గర మన ఎస్‌హెచ్-1, బోయిన్‌పల్లి మీదుగా మేడ్చల్ వెళ్లే 44 రెండూ విడిపోతాయి గనక, పాత నివేదికలో ‘ఎన్‌హెచ్-7 జంక్షన్’ అని కనిపిస్తే అది ఏ చౌరస్తానో అప్పుడే తేల్చి రాసుకోండి.

దారి క్రమం, ఎవరి పరిధి

ముందు వరస రాసుకోండి: పారడైజ్, జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్), కార్ఖానా, తిరుమలగిరి, లాల్ బజార్, లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట ఔటర్ (ఔటర్ రింగ్ రోడ్డు) జంక్షన్, శామీర్‌పేట, అలియాబాద్ చౌరస్తా, తుర్కపల్లి. ఔటర్ దగ్గర ఎగ్జిట్ నంబరు 7 అని కూడా చేర్చండి. ఔటర్ మీద బోర్డులన్నీ నంబర్లతోనే ఉంటాయి, దారి చెప్పేవాళ్లూ ఆ నంబరుతోనే చెబుతారు.

తర్వాత ప్రతి ముక్కకూ యజమాని ఎవరో రాయాలి. రోడ్డు ఒకటే అయినా దాని మీద పెత్తనం ఒకరిది కాదు. కార్ఖానా, తిరుమలగిరి ప్రాంతం సికింద్రాబాద్ కంటోన్మెంట్, చాలాచోట్ల పక్క భూమి రక్షణ శాఖది. అల్వాల్‌లో నగరపాలక సంస్థ. హకీంపేట దగ్గర వైమానిక స్థావరం. ఆపైన శివారు స్థానిక సంస్థలు. రోడ్డు ఆర్ అండ్ బీది, దీని మీద రాబోయే ఎలివేటెడ్ కారిడార్ (స్తంభాల మీది పైదారి) హెచ్‌ఎండీఏది, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థది. ఔటర్ జంక్షన్‌లో ర్యాంపులు ఒకరివి, కింది సర్వీసు రోడ్డు మరొకరిది కావచ్చు. వీధి దీపం, డ్రైనేజీ, డివైడర్, సిగ్నల్, బస్‌షెల్టర్ ఈ ఐదింటికీ విడివిడి గడులు పెట్టండి. వర్షాకాలంలో నీళ్లు నిలిచేది ఎక్కువగా ఈ హద్దుల దగ్గరే. ఒకరు వేసిన డ్రైన్ రెండో వాళ్ల డ్రైన్‌తో లెవెల్ కలవదు. హద్దు ఎక్కడుందో మీ పుస్తకంలో ఉంటే కారణం కూడా అక్కడే దొరుకుతుంది.

సున్నా ఎక్కడ?

దూరం రాయాలంటే ఎక్కడి నుంచి అన్నది ముందు తేలాలి. ఆర్ అండ్ బీలో చైనేజీని, అంటే రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరాన్ని, 18+450 అన్నట్టు రాస్తారు, అంటే పద్దెనిమిది కిలోమీటర్ల 450 మీటర్లు. రాష్ట్ర రహదారి కిలోమీటరు రాయికి తల ఆకుపచ్చ, జాతీయ రహదారి రాయికి పసుపు. ప్రతి ఐదో కిలోమీటరు రాయి మిగతావాటికన్నా పెద్దది. మధ్యలో 200 మీటర్లకొక చిన్న రాయి ఉండాలి. ఊరు పెరిగినచోట ఈ చిన్నవే ముందు మాయమవుతాయి: ఫుట్‌పాత్ కింద పడతాయి, షాపు మెట్టు అవుతాయి, లేదా మళ్లీ మళ్లీ వేసిన తారులో సగం కూరుకుపోతాయి.

రాతి మీద అంకెను నమ్మి దూరం లెక్కేయకండి. వంపు సరిచేసినా, బైపాస్ వేసినా అసలు పొడవు మారుతుంది గానీ ముందున్న రాళ్ల నంబర్లన్నీ మార్చరు. అందుకే కొన్నిచోట్ల రెండు రాళ్ల మధ్య 900 మీటర్లే వస్తుంది, కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది. ఇది మీ కొలతలో తప్పు కాదు, దాన్ని అలాగే నమోదు చేయాలి. రెండు గడులు పెట్టండి: ‘రాతి మీద ఉన్నది’, ‘మనం కొలిచింది’. మీ సొంత సున్నాను కదలని చోట పెట్టుకోండి. పారడైజ్ చౌరస్తా మధ్య అంటే చాలదు, జంక్షన్ మార్చిన రోజున ఆ మధ్య కూడా జరుగుతుంది. అక్కడి ఏదైనా పక్కా కట్టడం మూల తీసుకుని దాని అక్షాంశ రేఖాంశాలు ఐదు దశాంశ స్థానాల వరకు రాయండి. ఐదో స్థానం అంటే సుమారు ఒక మీటరు.

బండి మీద మొదటి రౌండు

ఆదివారం పొద్దున ఐదున్నరకు బయల్దేరితే ఎనిమిదికల్లా శామీర్‌పేట దాకా వెళ్లి రావచ్చు. బైకు మీద ఇద్దరు కావాలి: ఒకరు నడపడానికి, వెనక కూర్చున్నవాళ్లు రాయడానికి. ఫోన్‌లో ఓస్మాండ్ లాంటి యాప్‌తో ట్రాక్ రికార్డు పెట్టి, విరామం ఒక సెకను ఇవ్వండి. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఏడు మీటర్లు పోతాం, ఆ మాత్రం సరిపోతుంది. ఐదు సెకన్లు పెడితే 35 మీటర్లకొక చుక్క పడి వంపులన్నీ కోసుకుపోతాయి, మొత్తం పొడవు తక్కువ చూపిస్తుంది. ఫ్లైఓవర్ కింద, ఎత్తు భవనాల మధ్య చుక్కలు పక్కకు ఎగురుతాయి, వాటిని ఇంటికొచ్చాక చేత్తో సరిచేయాలి. బండి మీటరును నమ్ముకోకండి, టైరు అరుగుదలతోనే తేడా వస్తుంది.

వెళ్లేటప్పుడు ఒక ట్రాక్, వచ్చేటప్పుడు ఇంకొకటి. డివైడర్ ఉన్న రోడ్డుకు రెండు వైపులూ రెండు రోడ్ల కింద లెక్క. కుడి, ఎడమ అనేవి చైనేజీ పెరిగే దిశలో చూస్తే వచ్చేవి, అంటే పారడైజ్‌కు వీపు పెట్టి నిలబడితే వచ్చేవి. దీన్ని పుస్తకం అట్ట మీదే రాయండి. తిరుగు ప్రయాణంలో కుడిని ఎడమగా రాసేయడం ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు.

ఔటర్ మెయిన్ క్యారేజ్‌వే (బండ్లు నడిచే అసలు దారి) మీదకు టూవీలర్లను రానివ్వరు. జంక్షన్ చుట్టూ సర్వీసు రోడ్డు మీదుగానే తిరగాలి, ర్యాంపుల పొడవును ఉపగ్రహ చిత్రంలో కొలుచుకోవాలి. కంటోన్మెంట్ గేట్లు, హకీంపేట వైమానిక స్థావరం, నీసా (పారిశ్రామిక భద్రతా దళం శిక్షణ అకాడమీ) ప్రహరీ వైపు కెమెరా ఎత్తకండి. అక్కడ ‘ఫొటో నిషిద్ధం’ అని రాసుకుని ముందుకు పొండి. ఎయిర్‌ఫీల్డు పక్కన డ్రోన్ అన్న మాటే వద్దు.

ఫొటోకు లొకేషన్ ఆన్ చేసి తీయండి. తీసినదాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని చోటు, సమయం వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. నలుగురు కలిసి చేసే పనిలో ఈ ఒక్క పొరపాటుతో రోజంతా తీసిన ఫొటోలు వృథా అవుతాయి. ఫైలు పేరులో చైనేజీ, వైపు, తేదీ ఈ వరసలోనే ఉంటే తర్వాత వెతకడం సులువు.

వెడల్పులు

ప్రతి కిలోమీటరుకు ఒకసారి, ఇంకా రూపు మారినచోటల్లా అడ్డుకోత రాయండి: ఫుట్‌పాత్, డ్రైన్, సర్వీసు రోడ్డు, షోల్డర్, క్యారేజ్‌వే, డివైడర్. 30 మీటర్ల ఫైబర్ టేపు చాలు. రోడ్డుకు అడ్డంగా టేపు లాగొద్దు. కర్బు నుంచి డివైడర్ దాకా ఒక సగం, ట్రాఫిక్ ఆగినప్పుడు రెండో సగం కొలవండి. లేన్ ప్రామాణిక వెడల్పు 3.5 మీటర్లు. క్యారేజ్‌వే ఏడు మీటర్లు వచ్చిందంటే రెండు లేన్లని, పదిన్నర అయితే మూడని గుర్తు. అయితే ‘ఆరు లేన్ల రోడ్డు’ అని రాసేముందు పార్కింగ్, తోపుడు బండ్లు, ఆటో అడ్డా పోను ఎన్ని లేన్లు నడుస్తున్నాయో పక్కన వేరుగా రాయండి. రెండు అంకెలూ నిజమే. చదివేవాళ్లకు కావాల్సింది ఎక్కువగా రెండోది.

శివార్లలో అందరూ ఫీట్లలోనే మాట్లాడతారు. వంద ఫీట్లంటే 30.48 మీటర్లు, రెండు వందల ఫీట్లంటే 60.96. వాళ్లు చెప్పేది సాధారణంగా మాస్టర్ ప్లాన్‌లో ఉన్న వెడల్పు, నేల మీద ఉన్నది కాదు. హెచ్‌ఎండీఏ 2031 ప్లాన్‌లో చూపిన వెడల్పును వేరే గడిలో పెట్టండి.

చౌరస్తాలు: అసలు పని ఇక్కడ

తిన్నటి రోడ్డును గంటలో రాసేయొచ్చు. ఒక్క చౌరస్తాకు మాత్రం పూట పడుతుంది, పట్టనివ్వండి. ముందు చేత్తో బొమ్మ గీయండి, స్కేలు అక్కర్లేదు. ప్రతి కొమ్మకు ఎటు పోతుందో రాయండి. ‘సుచిత్ర వైపు’ అన్నది ‘పడమర కొమ్మ’ కన్నా మేలు, కానీ రెండూ ఉండాలి. ఫ్రీ లెఫ్ట్ ఉందా, మలుపు దగ్గర కరెంటు స్తంభమో ట్రాన్స్‌ఫార్మరో అడ్డంగా ఉందా, జీబ్రా ఎక్కడ, ఆర్టీసీ స్టాప్ చౌరస్తాకు ఎన్ని మీటర్ల దూరంలో ఉంది, ఇవన్నీ చూడండి. స్టాప్ మరీ దగ్గరుంటే బస్సు ఆగగానే ఫ్రీ లెఫ్ట్ మూసుకుపోతుంది, వెనక క్యూ చౌరస్తాలోకి వస్తుంది. బోర్డు మీద స్టాప్ ఒకచోట ఉండి బస్సు ఇంకోచోట ఆగుతుంటే రెండు చుక్కలూ పెట్టండి.

సిగ్నల్ ఉంటే ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఐదు సైకిళ్లు వరుసగా కొలవండి. ప్రతి కొమ్మకు ఆకుపచ్చ ఎన్ని సెకన్లు, అది ఆరిపోయేసరికి ఇంకా ఎన్ని బండ్లు మిగిలాయి అన్నది రాయండి. మిగిలిన బండ్ల అంకె వరసగా మూడు సైకిళ్లలో పెరుగుతూ పోతే ఆ కొమ్మ నిండిపోయినట్టే. పోలీసులు చేత్తో నడుపుతున్న వేళ కొలిస్తే అలా అని రాయాలి. సిగ్నల్ తీసేసి యూటర్న్ పెట్టినచోట డివైడర్ తెరపు వెడల్పు, తిరిగే బండ్లు నిలబడే జేబు పొడవు ముఖ్యం. ఆ జేబు చాలకపోతే తిరగాల్సిన లారీ తోక ఫాస్ట్ లేన్‌లో నిలబడిపోతుంది. వెనక నుంచి గుద్దే ప్రమాదాలు అక్కడే పుడతాయి.

లెక్కింపు మంగళ, బుధ, గురువారాల్లో చేయండి. బడి సెలవులు, పండగ వారం వద్దు. ఈ రోడ్డుకు ఇంకో షరతు ఉంది: సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతర రద్దీ ఇటే పోతుంది. ఆ వారాంతపు అంకెను మామూలు అంకెగా రాస్తే అంతా తలకిందులవుతుంది. నాలుగు కొమ్మల చౌరస్తాలో ఎడమ, నేరు, కుడి కలిపి 12 కదలికలు, యూటర్న్‌లు కలిపితే 16. ఒక మనిషి ఒక కొమ్మ కన్నా ఎక్కువ లెక్కపెట్టలేరు. పదిహేను నిమిషాలకొక గడి పెట్టుకోండి.

బండ్ల సంఖ్యను అలాగే కూడితే అర్థం రాదు, కారు లెక్కకు మార్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 106వ కోడ్ నగర రోడ్లకు ఇచ్చిన గుణకాలు మొత్తంలో ఆ బండి వాటాను బట్టి మారతాయి. టూవీలర్ వాటా 5 శాతం దగ్గర ఉంటే 0.5, పది, ఆపైన అయితే 0.75. ఆటో 1.2 లేదా 2.0. బస్సు, లారీ 2.2 లేదా 3.7. ట్రాక్టర్ ట్రాలీ 4 లేదా 5. ఒక కొమ్మలో పావుగంటకు 200 బైకులు, 120 కార్లు, 40 ఆటోలు, 10 బస్సులు పోయాయనుకోండి. మొత్తం 370. ఆటోల వాటా పది శాతం దాటింది, బస్సులది ఐదు కూడా లేదు. కాబట్టి 150 + 120 + 80 + 22, అంటే 372. గంటకు 1,488 కారు యూనిట్లు. బస్సులకు 3.7 వేస్తే ఆ పది బస్సులే 37 అవుతాయి. గుణకం ఏది వాడారో రాయకపోతే రెండేళ్ల తర్వాత చేసిన లెక్కతో ఇది పోల్చడానికి పనికిరాదు.

ప్రమాదాల చోటును ఊరికే ‘బ్లాక్ స్పాట్’ అని రాయకండి. కేంద్ర రవాణా శాఖ నిర్వచనం ప్రకారం సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలు గానీ తీవ్ర గాయాలు గానీ ఉన్న ప్రమాదాలు ఐదు, లేదా మరణాలు పది జరిగి ఉండాలి. ఆ లెక్క లేకపోతే ‘స్థానికులు ప్రమాదకరం అంటున్న చోటు’ అని రాస్తే చాలు.

ఏది ఉంది, ఏది రాబోతోంది

నగరం పెరిగే దిక్కున రోడ్డు మీద ఎప్పుడూ రెండు మూడు రోడ్లుంటాయి: తొక్కుతున్నది, తవ్వుతున్నది, కాగితంలో ఉన్నది. వీటిని కలిపేస్తే మీ పుస్తకం పనికిరాదు. ప్రతి అభివృద్ధి పనికీ తేదీల గడులు విడిగా పెట్టండి: ప్రకటన, పరిపాలనా అనుమతి జీవో, టెండర్, అగ్రిమెంట్, శంకుస్థాపన, పని మొదలు, ఒక వైపు తెరిచిన రోజు, రెండో వైపు తెరిచిన రోజు, పూర్తి. శంకుస్థాపన తేదీని పని మొదలైన తేదీగా రాయడం మామూలు తప్పు. పారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ దాకా సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌నే తీసుకోండి. రక్షణ భూముల అనుమతి 2024 మార్చి మొదట్లో వచ్చింది, శంకుస్థాపన మార్చి 7న జరిగింది, అప్పటి అంచనా 2,232 కోట్లు. ఇవన్నీ వేర్వేరు గడుల్లోకి పోతాయి. ఖర్చు పక్కన ‘శంకుస్థాపన నాటి అంచనా’ అని ఉండాలి. ప్రణాళికలో హకీంపేట రన్‌వే దగ్గర కొంత దూరం సొరంగం చూపారు, విమానాల దారికి అడ్డం రాకూడదు గనక. కాబట్టి ‘ఎలివేటెడ్ 18 కిలోమీటర్లు’ అని మొత్తాన్ని ఒకే గీత గీయకండి. జేబీఎస్–శామీర్‌పేట మెట్రో కూడా ప్రతిపాదనే. గజ్వేల్ వైపు రీజినల్ రింగ్ రోడ్డు దాటే చోటుకూ అంతే, చుక్కల గీతే వేయాలి. నేల మీద తెరిచినదానికే నిండు గీత.

స్థానికులను అడిగి పాత తేదీలు పట్టుకోవచ్చు గానీ ‘ఎప్పుడు వెడల్పు చేశారు?’ అంటే ‘చాన్నాళ్లయింది’ అంటారు. ‘2015 గోదావరి పుష్కరాలకు ఇక్కడ డివైడర్ ఉందా?’ అని అడిగితే సరైన జవాబు వస్తుంది. ధర్మపురి, కాళేశ్వరం వెళ్లిన జనం ఈ రోడ్డు మీదే పోయారు. ఎన్నికలు, పెళ్లిళ్లు, తెలంగాణ వచ్చిన ఏడాది ఇలాంటి కొయ్యలకు కట్టి అడగాలి. ఇద్దరు చెప్పింది కలిస్తే గడిలో రాయండి, లేకపోతే పక్కన ప్రశ్న గుర్తు.

గూగుల్ ఎర్త్ ప్రోలో పాత చిత్రాల స్లయిడర్ ఇంకో సాక్షి. కింద కనిపించే తేదీ చిత్రం తీసిన రోజుదేనా చూసుకోండి, పక్కపక్క ముక్కలు వేర్వేరు తేదీలవి కావచ్చు. ఫ్లైఓవర్ పై అంచు చిత్రంలో పక్కకు వంగి కనిపిస్తుంది, గీత నేల దగ్గర స్తంభం మొదలు చూసి గీయాలి.

కాగితాలు

సమాచార హక్కు దరఖాస్తుకు మండల స్థాయి కార్యాలయంలో ఐదు రూపాయలు, ఆపై స్థాయిలో పది. గ్రామ స్థాయిలో రుసుము లేదు. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు. కంటోన్మెంట్ బోర్డు కేంద్ర సంస్థ, దానికి దరఖాస్తు వేరు. తప్పు కార్యాలయానికి ఇచ్చినా సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో సరైన చోటికి పంపాలి. ‘పని ఎందుకు ఆలస్యమైంది?’ అని అడిగితే ఉపయోగం లేదు. ఫలానా చైనేజీ నుంచి ఫలానా చైనేజీ వరకు స్ట్రిప్ ప్లాన్ (రోడ్డు పొడవునా గీసిన పటం), అగ్రిమెంట్ నకలు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీలు, కంప్లీషన్ సర్టిఫికెట్ అని పేరు పెట్టి అడగండి. సెక్షన్ 2(జె) కింద ఫైలును, పనిని కళ్లారా చూసే హక్కు కూడా ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు.

భూసేకరణ నోటిఫికేషన్లలో సర్వే నంబర్లు ఊరివారీగా ఉంటాయి. 2013 చట్టంలో సెక్షన్ 11 ప్రాథమికం, 19 డిక్లరేషన్. మధ్యలో విస్తీర్ణం మారుతుంది, రెండూ రాసుకోండి. అక్కడ ‘2-15’ అని ఉంటే రెండు ఎకరాల పదిహేను గుంటలు. దాన్ని 2.15 అని టైపు చేస్తే తప్పు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి అది 2.375 ఎకరాలు, గజాల్లో 11,495. స్ప్రెడ్‌షీట్‌లో ఎకరాలకు ఒక నిలువు, గుంటలకు ఒక నిలువు పెడితే ఈ గొడవే ఉండదు. పైగా ‘2-15’ అని టైపు చేయగానే షీటు దాన్ని తేదీగా మార్చేయొచ్చు. ముందే ఆ నిలువును టెక్స్ట్‌గా పెట్టాలి.

స్తంభాలు లేచే దశలో మూడు నెలలకోసారి అవే చోట్ల నుంచి అవే దిశల్లో ఫొటోలు తీయాలి. నిలబడే చోటుకు గుర్తుగా చెట్టును, టీ కొట్టును పెట్టుకోకండి, వెడల్పు పనిలో ముందు పోయేవి అవే. గుడి గాలిగోపురం, కల్వర్టు పారపెట్, వాటర్ ట్యాంకు లాంటివి రెండు ఎంచుకుని, రెండిటి నుంచీ దూరం టేపుతో కొలిచి రాయండి. ఒకటి పోయినా రెండోదాంతో ఆ చోటు మళ్లీ దొరుకుతుంది.